ఫ్లష్ ట్యాంకు నీళ్ళు కమోడ్‌లోకి కారుతూనే ఉన్నాయి, ఇన్‌లెట్ మార్చినా ఆగలేదు

నిజాంపేట_302 అడిగారు:

అందరికీ నమస్తే. ఇంట్లో రెండు బాత్రూములు. రెంటిలోనూ ఇదే గోల, కానీ ట్యాంకులు వేరు వేరు రకాలు.

మొదటిది సిరామిక్ కమోడ్. ట్యాంకు, కమోడ్ కలిపి ఒకే ముక్క. మూత మీద చిన్నదీ పెద్దదీ రెండు బటన్లు. బిగించి ఆరేళ్ళయింది. బోరు నీళ్ళు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్ళు. కమోడ్ లోపల వెనకవైపు సన్నటి ధార ఎప్పుడూ జారుతూ ఉంటుంది, అక్కడ పసుపు చార కట్టింది. ఎవరూ వాడకపోయినా సుమారు అరగంటకోసారి ట్యాంకులో సర్రుమని నీళ్ళు పట్టి ఆగిపోతాయి. ప్లంబర్ ఇన్‌లెట్ వాల్వ్ (ట్యాంకులోకి నీళ్ళు పట్టేది) కొత్తది వేశాడు, తేడా లేదు. ఇప్పుడు లోపలి సెట్టు మొత్తం మార్చాలంటున్నాడు.

రెండోది గోడలో దాచిన ట్యాంకు, బయటికి బటన్ల ప్లేటు ఒక్కటే కనబడుతుంది. అదీ కారుతోంది. దానికి టైల్స్ పగలగొట్టాల్సిందేనా?

వాషర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా, సెట్టు మార్చాలా, అది ఎలా తేల్చుకోవాలి? చేత్తో చేసుకోగలిగిన పనేనా?

గేట్‌వాల్వ్:

సెట్టు కొనే ముందు నీళ్ళు ఏ దారిన పోతున్నాయో తేల్చండి. ట్యాంకులోంచి కమోడ్‌లోకి పోయే ముఖ్యమైన దారులు రెండు. ఒకటి అడుగున ఉన్న ఫ్లష్ వాల్వ్ వాషర్ కింది నుంచి. రెండోది పైన, ఓవర్‌ఫ్లో గొట్టం అంచు మీద నుంచి. మొదటిదానికి మందు వాషర్, రెండోదానికి మందు ఇన్‌లెట్ వాల్వ్. ఏది ఎక్కడ పోయిందో చూడకుండా ఇన్‌లెట్ మార్చేయడం మన దగ్గర మామూలు, ఎందుకంటే అది విప్పడం తేలిక.

మీరు రాసిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. ఇన్‌లెట్ పాడైతే నీళ్ళు పట్టడం ఆగనే ఆగదు. ఎప్పుడూ సన్నగా సుయ్‌మంటూ ఉంటుంది, ఎక్కువైన నీళ్ళు ఓవర్‌ఫ్లోలోంచి దిగిపోతూ ఉంటాయి. మీ దగ్గర పట్టి, ఆగి, మళ్ళీ అరగంటకు పడుతున్నాయి. అంటే ఇన్‌లెట్ శుభ్రంగా మూసుకుంటోంది, కింది నుంచి మట్టం తగ్గుతోంది, కొన్ని మిల్లీమీటర్లు తగ్గగానే ఇన్‌లెట్ మళ్ళీ తెరుచుకుంటోంది. అనుమానం మొత్తం ఫ్లష్ వాల్వ్ మీదే.

రూఢి చేసుకోవడానికి ఇలా చేయండి. మూత తీసి, ట్యాంకు పూర్తిగా నిండాక యాంగిల్ కాక్ (గోడ దగ్గర ట్యాంకుకి నీళ్ళు వదిలే చిన్న కుళాయి) కట్టేయండి. నీటి మట్టం దగ్గర లోపలి గోడ మీద పెన్సిల్ గీత పెట్టండి. గంట సేపు ఎవరూ వాడకూడదు. తర్వాత చూడండి.

మట్టం కదలకపోతే లోపం ఇన్‌లెట్‌దే. గీత కంటే దిగి ఇంకా దిగుతూనే ఉంటే వాషర్, లేదా అది కూర్చునే సీటు. కొంత దూరం దిగి ఒకచోట ఆగిపోతే, ఆగిన ఎత్తులోనే చిల్లు ఉంది: ఓవర్‌ఫ్లో గొట్టం ఆ ఎత్తులో చీలి ఉండొచ్చు, లేదా గొట్టం కింది జాయింటు వదులై ఉండొచ్చు. ఈ మూడోది చాలామంది చూడరు. వాషర్లు మార్చుకుంటూ పోతారు.

కళ్ళతో చూడాలంటే ట్యాంకులో పది చుక్కల ఫుడ్ కలర్ వేసి అరగంట ఆగండి, కమోడ్ నీళ్ళు రంగు మారతాయి. పసుపు వేయకండి, అది కరగదు, అడుగున మడ్డిలా దిగి వాషర్ కిందికి చేరుతుంది. రంగు పరీక్ష లీకు ఉందని చెబుతుందే గానీ ఎంత ఉందో చెప్పదు. గీత పరీక్ష రెండూ చెబుతుంది.

యాంగిల్ కాక్ గురించి ఒక మాట. హెల్త్ ఫాసెట్ కూడా దానికే తగిలించి ఉంటే కట్టగానే రెండూ ఆగుతాయి, కంగారుపడకండి. ఏళ్ళ తరబడి తిప్పని కాక్ బిగుసుకుని ఉంటే బలవంతం చేయొద్దు. లోపలి స్పిండిల్ తెగితే ట్యాంకు సంగతి పక్కనపెట్టి గోడలో లీకు చూసుకోవాలి. అలాంటప్పుడు బాత్రూమ్ గేట్ వాల్వ్, అది లేకపోతే పై ట్యాంకు నుంచి ఆ లైనుకి వచ్చే వాల్వ్ కట్టండి.

నిజాంపేట_302:

థాంక్స్ సార్. గీత పరీక్ష చేశాను. గంటలో 8 మిల్లీమీటర్లు దిగింది, ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంది. ట్యాంకు లోపల కొలిస్తే పొడవు 38 సెంటీమీటర్లు, వెడల్పు 14. మూత పెట్టి చేసినా, తీసి చేసినా అంతే.

గేట్‌వాల్వ్:

38 × 14 అంటే 532 చదరపు సెంటీమీటర్లు. దాన్ని దిగిన 0.8 సెంటీమీటర్లతో గుణిస్తే దాదాపు 425 మిల్లీలీటర్లు. గంటకి అంత అంటే రోజుకి 10 లీటర్లు. సిరామిక్ ట్యాంకు గోడలు వంపుగా ఉంటాయి కాబట్టి కొంచెం అటూ ఇటూ. లీకుల్లో ఇది చిన్నదే. ఐదు నిమిషాలకి లీటరు చొప్పున పోయే లీకు కూడా కమోడ్‌లో పెద్ద శబ్దమేమీ చేయదు, కానీ అది రోజుకి 288 లీటర్లు.

ఇంత చిన్న లీకుకి సెట్టు అక్కర్లేదు. వాషర్ మీద ఉప్పు కట్టి ఉంటుంది, లేదా రబ్బరు గట్టిపడి సీటు అచ్చు పడి ఉంటుంది. మూత పెట్టినా తీసినా ఒకటే అన్నారు కాబట్టి బటన్ కడ్డీలు వాల్వ్‌ని నొక్కుతున్నాయన్న అనుమానం కూడా పోయింది. మూత పెట్టినప్పుడు మాత్రమే కారితే అది కడ్డీల తప్పే. విప్పే పద్ధతి సానిటరీ షాపాయన చెబుతారు.

సానిటరీ_కౌంటర్:

వస్తున్నా. పై బటన్ల మోడల్‌కి వాషర్ మార్చడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. స్క్రూడ్రైవర్, ఒక బకెట్, పాత తువ్వాలు, స్పాంజీ చాలు. తీరిగ్గా చేసినా గంట లోపు పని.

యాంగిల్ కాక్ కట్టి పెద్ద బటన్ నొక్కి ట్యాంకు ఖాళీ చేయండి. బటన్ మూతకి ఒక రింగుతో బిగించి ఉంటుంది. కొన్నిటిలో చిన్న బటన్ నొక్కిపట్టి మొత్తం బటన్‌ని ఎడమవైపు తిప్పితే ఊడుతుంది, కొన్నిటిలో రెండు బటన్ల మధ్య స్క్రూ ఉంటుంది. మూతని నిటారుగా పైకి ఎత్తి తువ్వాలు మీద పడుకోబెట్టండి, గోడకి ఆనించి నిలబెట్టకండి. జారి పగిలితే ఆ మోడల్‌కి విడిగా మూత దొరకడం కష్టం.

లోపల నడిమధ్యలో నిలబడి ఉన్న ప్లాస్టిక్ స్తంభమే ఫ్లష్ వాల్వ్. తీసే ముందు ఫోటో తీసుకోండి. ఓవర్‌ఫ్లో గొట్టం ఎటువైపు ఉందో, ఇన్‌లెట్ నుంచి వచ్చే సన్న గొట్టం ఎక్కడ తగిలించి ఉందో మళ్ళీ పెట్టేటప్పుడు కావాలి. స్తంభాన్ని కింది భాగం దగ్గర పట్టుకుని ఎడమవైపు పావు చుట్టు తిప్పితే లాక్ వదులుతుంది, పైకి వచ్చేస్తుంది. కొన్నిటికి తిప్పడం ఉండదు, రెండు పక్కలా క్లిప్పులు నొక్కాలి. రాకపోతే బలం వాడొద్దు, ఉప్పు పట్టేసి ఉంటుంది. ఒక చెంబు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి ఆ లాక్ చుట్టూ పోసి అరగంట ఆగి మళ్ళీ తిప్పండి. మరిగే నీళ్ళు మాత్రం పోయకండి. సిరామిక్ పగలొచ్చు, ప్లాస్టిక్ వంకరపోవచ్చు.

బయటికి తీశాక అడుగున గుండ్రటి రింగు ఉంటుంది. అదే వాషర్. గోటితో గాడిలోంచి లాగితే వచ్చేస్తుంది. దాన్ని చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది:

– తెల్లటి గరుకు పొర ఉంటే బోరు నీటి ఉప్పు. నిమ్మ ఉప్పు నీళ్ళలో అరగంట నానబెట్టి వేలితో రుద్దితే పోతుంది.
– చుట్టూ లోతైన గాడి పడి ఉంటే రబ్బరు అరిగింది. రెండు వైపులా చదునుగా ఉన్న వాషర్ అయితే తిరగేసి వేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది. ఒకవైపు పెదవిలా అంచు ఉన్నది తిరగేయకూడదు.
– పట్టుకుంటే వేళ్ళకి నల్లటి మసి అంటితే, లేదా ఉబ్బి అలలు అలలుగా ఉంటే రసాయనం తిన్నది. కడిగినా లాభం లేదు, పారేయండి.

ఇప్పుడు ట్యాంకు అడుగున మిగిలిన సీటు. వాషర్ కూర్చునే అంచు అది. కళ్ళతో కాదు, వేలితో చూడాలి. చుట్టూ వేలు తిప్పితే గరుకు ఎక్కడ ఉందో తగులుతుంది. చాకుతో గీకకండి, ఇనుప పీచు వాడకండి. ప్లాస్టిక్ సీటు మీద పడిన ఒక్క గీత కొత్త వాషర్‌తో కూడా కారుతుంది. నిమ్మ ఉప్పు నీళ్ళలో తడిపిన గుడ్డని అంచు చుట్టూ కప్పి ఉంచి, మెత్తని స్పాంజీతో తుడిస్తే చాలు. అడుగున పేరుకున్న ఇసుక, మట్టి స్పాంజీతో ఎత్తేయండి. ట్యాంకర్ నీళ్ళు వాడే ఇళ్ళలో ఇది గుప్పెడు ఉంటుంది. ఒక్క రేణువు వాషర్ కింద పడితే కారడం మొదలు.

వాషర్ కొనేటప్పుడు పాతది జేబులో పెట్టుకుని వెళ్ళండి. చూపు మీద అన్నీ ఒకటిగానే ఉంటాయి. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మందం మూడూ కలవాలి. నల్ల రబ్బరుకీ సిలికాన్‌కీ ధరలో తేడా పదుల రూపాయల్లోనే. సిలికాన్ తీసుకోండి, బోరు నీళ్ళకి అది ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది.

బిగించేటప్పుడు వాషర్ మెలిక పడకుండా గాడిలో చుట్టూ కూర్చోవాలి. వాల్వ్‌ని దింపి కుడివైపు తిప్పి లాక్ పడిందో లేదో పైకి లాగి చూడండి. సగం లాక్ పడి వదిలేయడం వల్లే 'కొత్త వాషర్ వేసినా కారుతోంది' అంటూ మళ్ళీ వస్తారు. తర్వాత మూత పెట్టి బటన్ కడ్డీల ఎత్తు చూడండి. బటన్‌కీ వాల్వ్ తలకీ మధ్య 2–3 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. అది లేకపోతే వాల్వ్ ఎప్పుడూ కొంచెం లేచే ఉంటుంది.

కాకినాడ_చిన్నా:

ఇంత హంగామా ఎందుకన్నా. వాషర్‌కి కాస్త వ్యాజిలైన్ రాస్తే పట్టేస్తుంది. ఉప్పుకి బాత్రూమ్ ఆసిడ్ ఒక మూత ట్యాంకులో పోసి రాత్రంతా ఉంచితే అదే కరిగిపోతుంది కదా.

సానిటరీ_కౌంటర్:

రెండూ వద్దు తమ్ముడూ. వ్యాజిలైన్ పెట్రోలియం సరుకు. మామూలు రబ్బరుని కొన్నాళ్ళకి ఉబ్బించి మెత్తబెడుతుంది. రాసిన రోజు కారడం ఆగుతుంది, తర్వాత ముందుకంటే ఎక్కువ కారుతుంది. కొబ్బరి నూనె కూడా అంతే. నల్ల రబ్బరుకి ఏదైనా రాయాలంటే సిలికాన్ గ్రీజు పలుచగా. నిజానికి ఏమీ రాయక్కర్లేదు, నీళ్ళతో తడిపి పెడితే చాలు.

బాత్రూమ్ ఆసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆసిడ్. ఉప్పుని కరిగించే మాట నిజమే, కానీ ట్యాంకులో ఉన్న ఇత్తడి, స్టీలు స్ప్రింగులు, బోల్టులు కూడా తింటుంది. పైగా ఆ ట్యాంకులో ఇంతకుముందు క్లోరిన్ బిళ్ళ వేసి ఉంటే విషవాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. నిమ్మ ఉప్పుతో పోయేదానికి ఆసిడ్ ఎందుకు?

ఆ బిళ్ళల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ట్యాంకులో వేసే నీలం బిళ్ళల్లో బ్లీచింగ్ ఉన్న రకం వాషర్‌కి పెద్ద శత్రువు. రాత్రంతా కదలని నీళ్ళలో అది కరిగి చిక్కబడి రబ్బరు పక్కనే కూర్చుంటుంది. వాసన కోసమైతే కమోడ్ అంచుకి తగిలించే రకం వాడండి.

గేట్‌వాల్వ్:

పైన వదిలేసిన విషయం ఒకటి. 302 గారి కమోడ్ ఒకే ముక్క అన్నారు. కొత్త వాషర్ వేసి, సీటు శుభ్రం చేశాక కూడా గీత దిగుతుంటే అప్పుడు చూడాల్సింది ఫ్లష్ వాల్వ్ కింది బేస్‌కీ సిరామిక్‌కీ మధ్య ఉండే పెద్ద వాషర్. ట్యాంకు విడిగా ఉన్న కమోడ్‌లో అది పాడైతే నీళ్ళు చాలాసార్లు బయటికి, నేల మీదికి కారతాయి, అప్పుడు వెంటనే తెలిసిపోతుంది. ఒకే ముక్క కమోడ్‌లో ఆ లీకు కూడా లోపలే, కమోడ్‌లోకే పోతుంది. పై వాషర్ లీకుకీ దీనికీ బయటి నుంచి తేడా కనబడదు. ఈ బేస్ విప్పడానికి లోపలి నట్లు తీయాలి. అప్పుడు సెట్టు మొత్తం మార్చడంలో అర్థం ఉంది, ఎందుకంటే కొత్త సెట్టుతో బేస్, పెద్ద వాషర్, చిన్న వాషర్ అన్నీ వస్తాయి.

సెట్టు మార్చక తప్పని సందర్భాలు ఇంకో రెండు: సీటు అంచు చిట్లడం, ఓవర్‌ఫ్లో గొట్టం చీలడం. ఎంసీల్ (కలిపి పెడితే గట్టిపడే అతుకు ముద్ద) పెట్టి అతికించే ప్రయత్నాలు చేయకండి. ఎప్పుడూ నీళ్ళలో నానే, ప్రతి ఫ్లష్‌కీ అదిరే చోట అది నిలవదు.

యూనివర్సల్ సెట్టు కొంటే మూడు కొలతలు రాసుకుని వెళ్ళండి: ట్యాంకు అడుగు రంధ్రం వ్యాసం, అడుగు నుంచి మూత లోపలి వైపు దాకా ఎత్తు, పాత ఓవర్‌ఫ్లో గొట్టం ఎత్తు. కొత్త గొట్టం పై అంచు, ట్యాంకు గోడకి హ్యాండిల్ కోసమో ఇన్‌లెట్ కోసమో ఉన్న రంధ్రాల కంటే కిందికి ఉండాలి. లేకపోతే ఇన్‌లెట్ పాడైన రోజు నీళ్ళు కమోడ్‌లోకి కాకుండా బాత్రూమ్‌లోకి పొర్లుతాయి. నీటి మట్టం గొట్టం అంచుకి 20–25 మిల్లీమీటర్లు కిందగా పెట్టుకోవాలి. కంపెనీ గీత ట్యాంకు లోపల అచ్చు వేసి ఉంటే అదే పాటించండి.

ఇక ఆ సన్న గొట్టం. ఇన్‌లెట్ నుంచి ఓవర్‌ఫ్లోలోకి వెళ్ళి ఫ్లష్ అయ్యాక కమోడ్‌లో కాసిన్ని నీళ్ళు నింపుతుంది. మీ ప్లంబర్ కొత్త ఇన్‌లెట్ వేసినప్పుడు దాని కొసని ఓవర్‌ఫ్లో లోపలికి లోతుగా దించేసి ఉంటే ఒకసారి చూడండి. కొస ట్యాంకు నీటి మట్టం కంటే కిందికి పోతే ఆ గొట్టమే సైఫన్‌లా ట్యాంకు నీళ్ళు లాగేయగలదు. కొసని అంచు పైనే క్లిప్పుతో నిలబెట్టాలి.

పెంట్‌హౌస్_ప్లంబింగ్:

ఇన్‌లెట్ వైపు లోపం ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు, ఎందుకంటే ఈ పేజీకి వచ్చేవాళ్ళలో సగం మంది సమస్య అదే అయ్యుంటుంది.

పై ట్యాంకు నీటి మట్టం నుంచి ఫ్లష్ ట్యాంకు దాకా ప్రతి 10 మీటర్ల ఎత్తుకీ దాదాపు 1 బార్ ఒత్తిడి. పది అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒత్తిడి తగ్గించే వాల్వ్ పెట్టకపోతే కింది ఫ్లాట్లకి 3 బార్ వస్తుంది. ప్రెషర్ పంపు ఉన్న విల్లాల్లో అంతే, లేదా అంతకంటే ఎక్కువ. పాత రకం కడ్డీ, బంతి ఉన్న బాల్ కాక్ ఆ ఒత్తిడికి పూర్తిగా మూసుకోలేక సన్నగా వదులుతుంది. అందుకే కొన్ని ఇళ్ళలో రాత్రిళ్ళు, అందరూ కుళాయిలు కట్టేశాక మాత్రమే కారుతుంది, పగలు ప్లంబర్ వచ్చేసరికి అంతా బాగుంటుంది. యాంగిల్ కాక్ సగానికి తగ్గించినా అది తీరదు, ప్రవాహం ఆగాక ఒత్తిడి అంతే ఉంటుంది. ఎక్కువ ఒత్తిడికి తగిన ఇన్‌లెట్ వేయాలి, లేదా లైనులోనే ఒత్తిడి తగ్గించాలి.

పై అంతస్తు వాళ్ళది తిరగబడ్డ సమస్య. ట్యాంకు తల మీదే ఉండి 2 మీటర్ల ఎత్తు కూడా లేకపోతే వచ్చేది 0.2 బార్. ఇప్పటి ఇన్‌లెట్లలో చాలావాటికి లోపల డయాఫ్రమ్ అనే పలుచటి రబ్బరు పొర ఉంటుంది. దాన్ని మూయడానికి నీటి ఒత్తిడే సాయం చేయాలి. ఒత్తిడి చాలకపోతే అది మూసీ మూయనట్టు ఉంటుంది. కొనేటప్పుడు డబ్బా మీద కనీస ఒత్తిడి ఎంతో చదవండి. ఇలాంటి చోట పాత బాల్ కాకే నయం.

కొత్త ఇన్‌లెట్ కూడా కారుతుంటే ముందు దాని మూతి దగ్గరున్న జాలీ తీసి కడగండి, తర్వాత పై క్యాప్ విప్పి డయాఫ్రమ్ కింద ఇసుక చూడండి. పైపు లైను రిపేరు జరిగిన మర్నాడు వచ్చే లీకులు చాలావరకు ఇవే. కనెక్షన్ పైపు తిరిగి బిగించేటప్పుడు దాని నట్టులో రబ్బరు వాషర్ ఉంటే టెఫ్లాన్ టేపు చుట్టకండి. చేత్తో బిగించి, ఆ పైన పావు చుట్టు. ప్లాస్టిక్ మర మీద రెంచి పెట్టి తిప్పితే పగులు పడుతుంది, అది వెంటనే కాకుండా నెల తర్వాత బయటపడుతుంది.

కన్సీల్డ్_సర్వీస్:

302 గారూ, రెండో బాత్రూమ్‌కి టైల్స్ పగలగొట్టక్కర్లేదు. కన్సీల్డ్ (గోడలో దాచిన) ట్యాంకులు ఆ ప్లేటు ఉన్న కిటికీలోంచే మొత్తం సర్వీసు చేసేట్టు తయారవుతాయి. ఎవరైనా గోడ కొట్టాలని చెబితే ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. ట్యాంకు డబ్బానే పగిలినా, గోడలోని జాయింటు కారినా మాత్రమే గోడ జోలికి వెళ్ళాలి. కమోడ్‌లోకి కారేదానికి అవసరం లేదు.

ప్లేటు చాలా మోడళ్ళలో కింది అంచు పట్టుకుని పైకి తోసి ముందుకి లాగితే వస్తుంది. కొన్నిటికి అడుగున రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. దాని వెనక రెండు కడ్డీలు, ఒక ఫ్రేము, దాని వెనక ప్లాస్టిక్ పలక. ఇవి తీయగానే లోపల పైన పక్కగా చిన్న స్టాప్ కాక్ కనబడుతుంది. ముందు అది కట్టండి, తర్వాత చేత్తో వాల్వ్ లేపి ట్యాంకు ఖాళీ చేయండి. కిటికీ కింది అంచు మీద గుడ్డ పరవండి, ఒక్క స్క్రూ లోపల పడితే దాని కోసం అరపూట పోతుంది.

బటన్ల మీటలున్న దిమ్మని క్లిప్పు నొక్కి బయటికి లాగాలి. అడ్డొస్తే ఇన్‌లెట్‌ని కూడా దాని బ్రాకెట్ నుంచి తప్పించి పక్కకి తిప్పండి. తర్వాత ఫ్లష్ వాల్వ్, కొన్నిట్లో పక్క క్లిప్పులు విడిపించి, కొన్నిట్లో పావు చుట్టు తిప్పి ఎత్తాలి. కిటికీ ఇరుకు కాబట్టి కొన్ని వాల్వులు రెండు భాగాలుగా ఊడేట్టు చేస్తారు. పై ముక్క వచ్చాక కింది ముక్కని పక్కకి వంచి తీస్తారు. వాషర్ మళ్ళీ అడుగునే. సీటు కనబడదు, చెయ్యి లోపలికి దించి వేలితోనే తడమాలి. ఫోన్ టార్చి, చిన్న అద్దం పెట్టుకుంటే పని తేలిక.

తిరిగి పెట్టేటప్పుడు ఎక్కువమంది తప్పుచేసే చోటు ఆ రెండు కడ్డీలు. వాటి పొడవు గోడ మందాన్ని బట్టి తిప్పి సరిచేయాలి. ఒక చుట్టు ఎక్కువైనా ప్లేటు పెట్టగానే కడ్డీ మీటని నొక్కి ఉంచుతుంది, కారడం మొదలవుతుంది. ప్లేటు లేకుండా కారక, పెట్టాక కారితే వాషర్ జోలికి వెళ్ళకుండా కడ్డీని ఒకటి రెండు చుట్లు లోపలికి తిప్పండి.

వాషర్‌కి యూనివర్సల్ వద్దు, ఇక్కడ మాత్రం కంపెనీదే తెప్పించండి. పలక లోపలి వైపు గానీ ట్యాంకు పైన స్టిక్కర్ మీద గానీ మోడల్ నంబరు ఉంటుంది, ఫోటో తీసి పంపితే చాలు. మంచి కంపెనీలు ఈ విడిభాగాలు చాలా కాలం ఇస్తాయి. గెబెరిట్ కంపెనీ అయితే దశాబ్దాల దాకా దొరుకుతాయని చెబుతుంది.

డాలస్_తెలుగు:

ఇక్కడ అమెరికాలో ఉండి చదువుతున్నవాళ్ళకి: అద్దె ఇళ్ళలో ఎక్కువగా ఉండే ట్యాంకులో స్తంభం ఉండదు. పక్కన హ్యాండిల్, దానికి గొలుసు, గొలుసు చివర రబ్బరు మూత, దాన్నే ఫ్లాపర్ అంటారు. పరీక్షలు గేట్‌వాల్వ్ గారు చెప్పినవే. తేడా మరమ్మతులో.

ఫ్లాపర్ 2 అంగుళాలదీ 3 అంగుళాలదీ రెండు సైజులు. పాతవాటికి 2, ఫ్లష్‌కి 1.28 గ్యాలన్లే వాడే కొత్తవాటిలో చాలావాటికి 3. అడుగు రంధ్రం కొలిచి కొనండి. పక్క చెవులు ఓవర్‌ఫ్లో గొట్టం మేకులకి తగిలించి, గొలుసుకి అర అంగుళం వదులు ఉంచండి. వదులు తక్కువైతే మూత పూర్తిగా వాలదు, ఎక్కువైతే గొలుసు మూత కిందే ఇరుక్కుంటుంది. ఫ్లూయిడ్‌మాస్టర్, కోర్కీ రెండూ హోమ్ డిపోలో దొరుకుతాయి. నీటి వాల్వ్ ట్యాంకు కింద గోడ దగ్గర ఉంటుంది. అద్దె ఇల్లయితే ముందు మెయింటెనెన్స్‌కి రిక్వెస్ట్ పెట్టండి, అది వాళ్ళ పనే.

రాజమండ్రి_పాతఇల్లు:

మా వైపు ఇళ్ళలో పక్కన హ్యాండిల్ ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు, కింద పొడుగు పైపు, ఇండియన్ కమోడ్. అందులో ఫ్లాపరూ లేదు, స్తంభమూ లేదు. గంటలాంటి డబ్బా ఒకటి బోర్లించి ఉంది. అదీ కారుతోంది. దీనికి వాషర్ ఎక్కడ?

గేట్‌వాల్వ్:

అది సైఫన్ ట్యాంకు అన్నగారూ. దానికి కింద మూసే వాషర్ ఉండదు. నీళ్ళు సైఫన్ వంపు పైకి ఎక్కితేనే పైపులోకి దిగుతాయి. కాబట్టి అందులో ధార కారుతోందంటే తొంభై పాళ్ళు బాల్ కాక్ మూసుకోక మట్టం వంపు దాకా పెరుగుతోంది. బాల్ కాక్ వాషర్ మార్చండి. బంతి ఊపి చూడండి, లోపల నీళ్ళు గలగలమంటే అది చిల్లు పడి బరువెక్కింది, కొత్తది వేయండి. ఇత్తడి కడ్డీ అయితే కొంచెం కిందికి వంచి మట్టం 2 సెంటీమీటర్లు తగ్గించండి. ప్లాస్టిక్ కడ్డీకి మట్టం మార్చే స్క్రూ ఉంటుంది, దాన్ని వంచకండి.

ఒకవేళ ఎప్పుడూ కాకుండా ఒకసారి ఫ్లష్ చేశాక నీళ్ళు ఆగకుండా పోతూనే ఉంటే అది వేరే జబ్బు. ట్యాంకు ఖాళీ అయ్యేటప్పుడు సైఫన్‌లోకి గాలి దూరితేనే ధార తెగుతుంది. ఇన్‌లెట్ నుంచి నీళ్ళు మరీ జోరుగా పడుతుంటే మట్టం అడుగుకి చేరదు, గాలి దూరదు, ధార తెగదు. యాంగిల్ కాక్‌ని పావు వంతు చొప్పున తగ్గిస్తూ ఫ్లష్ చేసి చూడండి. ధార తెగి, ట్యాంకు రెండు మూడు నిమిషాల్లో నిండే చోట వదిలేయండి.

నిజాంపేట_302:

వాషర్ తీశాను. గాడి లోతుగా పడి ఉంది, సీటు మీద ఒకవైపు తెల్లగా ఉప్పు. నిమ్మ ఉప్పుతో శుభ్రం చేసి సిలికాన్ వాషర్ వేశాను. గీత గంట తర్వాత కదల్లేదు. ఇన్‌లెట్ సన్న గొట్టం నిజంగానే ఓవర్‌ఫ్లోలోకి వేలెడు లోతు దిగి ఉంది, పైకి లాగి క్లిప్పు పెట్టాను. కన్సీల్డ్ ట్యాంకు ప్లేటు తీస్తే కారడం ఆగుతోంది, పెడితే కారుతోంది.

కన్సీల్డ్_సర్వీస్:

అయితే కడ్డీలే. చిన్న బటన్ కడ్డీతో మొదలుపెట్టండి. ఒక చుట్టు లోపలికి తిప్పి ప్లేటు పెట్టి చూడండి, ఆగకపోతే పెద్ద బటన్‌ది. రెండూ ఒకేసారి తిప్పితే ఏది తప్పో తెలియదు, పైగా మరీ పొట్టిగా అయితే బటన్ నొక్కినా సగమే ఫ్లష్ అవుతుంది.